హౌసు పోయి హోము వచ్చె!

కిందటి నెల్లో బ్యాంకువాళ్ళు ఓ కాగితం పంపించారు, మీ వివరాలు మళ్ళీ ఓసారి నింపి ఇవ్వండి అని. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే ఇల్లు, అదే మొగుడు, అదే నేను. కొత్తగా రాయడానికేముంటుంది చెప్పండి? అయినా అడిగారు కనక కళ్ళజోడు తగిలించుకుని కూర్చున్నాను. పేరు రాశాను. పుట్టినతేదీ రాశాను (నిజమైనదే!). ‘వృత్తి’ అనే గడి దగ్గరికొచ్చేసరికి అలవాటుకొద్దీ ‘హౌస్‌వైఫ్’ అని రాయబోయాను. సెలవుకి వచ్చి నా పక్కనే కూర్చున్న మా కోడలు గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, అదేం మాట అత్తయ్యా! ఇప్పుడెవరూ హౌస్‌వైఫ్ అనడం లేదు. హోమ్‌మేకర్ అని రాయండి. ఆ పాతమాటలో ఏం గౌరవం ఉందీ?”

ముప్ఫై నాలుగేళ్ళు చేసిన కొలువులో గౌరవం లేదని ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. సరే, చదువుకున్న పిల్ల, నా మంచికే చెబుతోంది గదా అని ‘హోమ్‌మేకర్’ అనే రాశాను. రాసి, కొత్తచీర కట్టుకుని అద్దంలో చూసుకున్నట్టు కాసేపు ఆ గడి వంకే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చోనిస్తారు? లోపల్నించి మావారి కేక: “ఏమోయ్, కాఫీ ఏదీ?” హౌస్‌వైఫుగా కూర్చున్నదాన్ని హోమ్‌మేకరుగా లేచి వెళ్ళి కాఫీ కలిపాను. డికాషను అదే, గిన్నె అదే, కలిపిన చెయ్యీ అదే.

మర్నాడు బ్యాంకులో కుర్రాడు ఆ కాగితం చూసి, కంప్యూటరులో ఏదో వెతికి, “మా జాబితాలో ఈ మాట లేదండీ, హౌస్‌వైఫ్ అని పెట్టేస్తున్నాను” అన్నాడు. ఒక్కరోజు మురిపెం అలా తీరింది.

అప్పట్నించీ ఈ రెండు ఇంగ్లీషు ముక్కలూ నన్ను పట్టుకుని వదలడం లేదు. పప్పు ఉడుకుతుంటే అదే ఆలోచన, బట్టలు మడత పెడుతుంటే అదే ఆలోచన. ఏమిటీ రెండింటికీ తేడా? ఒక మాట తీసేసి ఇంకో మాట పెడితే మనకి ఒరిగేదేమిటి? ఎవరికి లాభం? మీరూ వినండి. నాతో పోట్లాడాలనిపిస్తే తరవాత తీరిగ్గా పోట్లాడండి.

ముందు అర్థాల సంగతి చూద్దాం. ఇంగ్లీషువాళ్ళకి ఇల్లు రెండు రకాలు. ‘హౌస్’ అంటే ఇటుకా, సున్నం, తలుపులూ, కిటికీలూ. దాన్ని కొలవచ్చు, అమ్మచ్చు, తాకట్టు పెట్టచ్చు. ‘హోమ్’ అంటే ఆ గోడల మధ్య మనుషులు కలిసి బతకడం వల్ల పుట్టే వెచ్చదనం. దాన్ని కొలవడానికి టేపు లేదు. మన తెలుగులో ఈ పేచీ లేదు. ‘ఇల్లు కట్టాం’ అన్నా ఇల్లే, ‘ఇంటిమీద బెంగ పెట్టుకుంది’ అన్నా ఇల్లే. గోడలకీ మమతకీ కలిపి ఒకే ముక్కతో సరిపెట్టుకున్నాం.

హౌస్‌వైఫ్ అనే మాట ఇవాళ నిన్నటిది కాదు. పదమూడో శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో ఉంది. అందులో ఉన్న ‘వైఫ్’ అన్న ముక్కకి పూర్వం భార్య అనే కాదు, ఆడమనిషి అనే అర్థం కూడా ఉండేది. పురుడు పోసే మంత్రసానిని ‘మిడ్‌వైఫ్’ అంటారు గదా, ఆమె ఎవరి భార్య? అక్కడ ఉన్నది ఆ పాత అర్థమే. కాబట్టి హౌస్‌వైఫ్ అంటే ఇంటిని నడిపే ఆడమనిషి. ఇంట్లో పడి ఉండే ఆడమనిషి అని కాదు.

ఇంకో తమాషా చెప్పనా? ‘హజ్బెండ్’ అన్న మాటలో కూడా హౌసే ఉంది. అది ఉత్తరదేశాల పాతభాషలోంచి వచ్చింది. ఇల్లుగలవాడు, ఇంటి యజమాని అని దానర్థం. అంటే ఒకప్పుడు మొగుడి పేరులోనూ ఇల్లుంది, పెళ్ళాం పేరులోనూ ఇల్లుంది. కాలక్రమాన ఆయన పేరులో ఇల్లు ఎవరికీ కనబడకుండా కరిగిపోయింది. మన పేరులో మాత్రం అలాగే అతుక్కుని ఉండిపోయింది. ఆయన వీధిలోకి వెళ్ళిపోయారు, మనం ఇంట్లో మిగిలాం. భాషకి కూడా ఎంత లోకజ్ఞానమో చూడండి!

అంతటితో ఆగలేదు. ఇదే హౌస్‌వైఫ్ అన్న మాట నోళ్ళలో నలిగి, అరిగి ‘హస్సీ’ అయింది. మొదట్లో దానికీ ఇల్లాలనే అర్థం. పోగా పోగా బరితెగించిన ఆడదాన్ని తిట్టే తిట్టు కింద మారింది. మరోవంక సూదీ దారం బొత్తాలూ పెట్టుకునే చిన్న సంచీక్కూడా ఇంగ్లీషువాళ్ళు హౌస్‌వైఫ్ అనే పేరు పెట్టారు. భార్యలు దగ్గరలేని సిపాయిలు చిరుగులు కుట్టుకోవడానికి ఆ సంచీని వెంట తీసుకెళ్ళేవారు. ఒకే మాటకి ఒక చివర తిట్టు, ఇంకో చివర కుట్లసంచీ. మధ్యలో మనం.

ఇక హోమ్‌మేకర్. ఇది కొత్తది, పందొమ్మిదో శతాబ్దంలో వాడుకలోకొచ్చిన మాట. ఇందులో భార్య లేదు, చేసేవారున్నారు. వినడానికి సొంపుగానే ఉంది. 2023 ఆగస్టులో మన సుప్రీంకోర్టువారు ఒక చిన్న పుస్తకం వేశారు. ఆడవాళ్ళ గురించి కోర్టుల్లో ఏ మాటలు వాడకూడదో, వాటి బదులు ఏవి వాడాలో అందులో పట్టిక వేసి చెప్పారు. హౌస్‌వైఫ్ అనకండి, హోమ్‌మేకర్ అనండి అని అందులో ఉంది. మా కోడలు అది సెల్‌ఫోనులో తీసి నా ముందు పెట్టి “చూశారా” అంది.

చూశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కొత్తమాటలో మంచి లేకపోలేదు. పెళ్ళి మానుకుని తల్లిదండ్రుల్ని కనిపెట్టుకుని ఉన్న కూతురుంటుంది. ఆమె ఎవరికీ వైఫు కాదు, కాని ఇల్లు నిలబెడుతున్నది ఆమే. ఉద్యోగం మానేసి పిల్లల్ని చూసుకునే మగవాడూ అక్కడక్కడా ఉన్నాడు. హోమ్‌మేకర్ అన్న మాటలో వీళ్ళందరికీ చోటుంది. ఆడా మగా తేడా లేదు. అంతవరకూ కోర్టువారికి నమస్కారం.

నా తగువల్లా మాటతో కాదు, మాట మార్చేసి పని అయిపోయిందనుకునేవాళ్ళతో.

హౌస్‌వైఫ్ అంటే చిన్నతనం అంటున్నారు. మరి మన ‘ఇల్లాలు’ మాటేమిటి? ఇల్లు, ఆలు. అక్షరాలా హౌసూ వైఫూనే. ఒక్క పొల్లు తేడా లేదు. ఇంటికి దీపం ఇల్లాలు అంటున్నప్పుడు ఎవరికీ చిన్నతనం అనిపించలేదే! మన పెద్దలైతే ఇంకో మెట్టెక్కి, గోడలూ కప్పూ ఇల్లు కాదు, గృహిణే గృహం అన్నారు. అంటే అవమానం మాటలో లేదన్నమాట. మరెక్కడుంది?

నేను చెబుతాను. ‘జస్ట్’ అన్న ముక్కలో ఉంది. “మీరేం చేస్తుంటారండీ?” అని పేరంటంలో ఎవరో అడుగుతారు. “ఏమీ లేదండీ, జస్ట్ హౌస్‌వైఫ్‌ని” అంటాం. తెల్లవారుఝామున లేచి, నలుగురికి నాలుగు రకాల డబ్బాలు కట్టి, మామగారికి మందులిచ్చి, పాలవాడితో పేచీ తేల్చుకుని, అటక దులిపి, అప్పుడు పేరంటానికొచ్చి “ఏమీ లేదండీ” అంటాం! నేనే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మార్చవలసింది హౌస్‌వైఫుని కాదు, దాని ముందు నక్కిన ఆ జస్టుని. హౌసు పోయి హోము వచ్చాక ఆ జస్టు పోయిందా? మొన్న మా వీధిలో ఓ పిల్ల నాతో అంది: “నేను జస్ట్ హోమ్‌మేకర్‌ని ఆంటీ” అని. పేనుని తియ్యకుండా కొప్పు మార్చుకున్నట్టుంది.

కొత్తపేర్లతో బుజ్జగించడం లోకంలో పాత విద్యే. ఆఫీసుల్లో గుమాస్తాని ఎగ్జిక్యూటివ్ అన్నారు. జీతం రాళ్ళు అవే. మావారు నలుగురిలో నన్ను “మా హోం మినిస్టరు” అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వడం మానేశాను. అసలు హోం మంత్రి చేతిలో పోలీసులుంటారండీ! నా చేతిలో అట్లకాడ ఉంది. ఆ మంత్రి సంతకానికి విలువుంది. నా సంతకం కొరియరువాడి కాగితం మీద తప్ప ఎక్కడా చెల్లదు.

ఇప్పుడు అసలు లెక్కల్లోకి రండి. లెక్కలంటే విసుక్కోకండి, మన లెక్కలే ఇవి.

మన దేశపు జనాభా లెక్కల్లో, ఇంటిపని తప్ప వేరే పని లేదన్న మనిషిని ‘పని చెయ్యనివారు’ అనే పద్దులో వేశారు. 2011 లెక్కల్లో ఇంటిపనే మా ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లమంది. మగవాళ్ళు 58 లక్షలు. ఇంతమందినీ పని చెయ్యనివాళ్ళ కింద కట్టేశారు! 2001 లెక్కల గురించి 2010లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో బాధపడింది. దాదాపు 36 కోట్లమంది స్త్రీలని పని చెయ్యనివారిగా లెక్కేసి, బిచ్చగాళ్ళతోనూ ఖైదీలతోనూ వేశ్యలతోనూ ఒకే గాటను కట్టారని ఎత్తి చూపింది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గిన్నెలు తోమితే అది పని. నేను జీతం ఇస్తాను కనక ఆమె లెక్కల్లో పనిచేసే మనిషి. ఆ అమ్మాయి రానిరోజున అవే గిన్నెలు, అదే పీచుతో నేను తోముతాను. అది పని కాదు. గిన్నెలకి మాత్రం ఈ తేడా తెలియదు పాపం, ఎవరు తోమినా ఒకేలా మెరుస్తాయి. పిగూ అని ఇంగ్లండులో ఓ ఆర్థికశాస్త్రవేత్త ఉండేవాడు. ఈ వింత ఆయన 1920లోనే కనిపెట్టాడు. జీతం పుచ్చుకునే వంటమనిషిని యజమాని పెళ్ళి చేసుకుంటే దేశాదాయం తగ్గిపోతుందన్నాడు. వంట అదే, వండే చెయ్యి అదే. మెడలో తాడు పడగానే ఆ పని లెక్కలోంచి మాయం. నూరేళ్ళు దాటినా ఈ చిక్కు ఎవరూ విప్పలేదు.

మరి మన పనికి అసలెప్పుడూ ఎవరూ వెల కట్టలేదా అంటే, కట్టారు. ఎప్పుడో తెలుసా? మనం పోయాక.

నవ్వకండి. 1989 మార్చిలో జంషెడ్‌పూరులో ఓ ఉత్సవంలో నిప్పంటుకుని ఎందరో ఆడవాళ్ళూ పిల్లలూ పోయారు. నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు గృహిణి పనికి ఏడాదికి 12,000 రూపాయలన్నారు. 2001లో సుప్రీంకోర్టు అది చాలదని, 34 నుంచి 59 ఏళ్ళ లోపు గృహిణికి నెలకి 3,000, ఏడాదికి 36,000 కట్టింది. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టిక ఇంకో దారి పట్టింది. సంపాదన లేని భార్య ప్రమాదంలో పోతే, ఆమె ఆదాయం భర్త ఆదాయంలో మూడోవంతుగా లెక్కెయ్యమంది. అంటే నేను పెట్టే పప్పుచారు రుచి మావారి జీతాన్ని బట్టి మారుతుందన్నమాట! గుమాస్తా పెళ్ళాం చాకిరీ చవక, ఇంజనీరు పెళ్ళాం చాకిరీ ఖరీదు.

2021 జనవరిలో మన కృష్ణాజిల్లాకి చెందిన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు ఇలాంటి కేసులోనే విడిగా ఒక తీర్పు రాశారు. గృహిణి పనికి వెలకట్టడం అంటే దయ చూపించడం కాదు, ఆ పనికున్న నిజమైన విలువని గుర్తించడం అన్న ధోరణిలో సాగిందది. మంచిమాట. చదివి సంతోషించాను. కాని సంతోషించాక ఒక్క నిమిషం ఆలోచించాను. ఈ తీర్పులన్నీ ఎవరి గురించి? రోడ్డు మీద పోయిన ఇల్లాళ్ళ గురించి. బతికున్నన్నాళ్ళూ సున్నా. లారీ గుద్దాక నెలకింత! మన విలువ తెలియాలంటే మనం పోవాలిట. ఇదెక్కడి న్యాయమండీ? బతికుండగా పిడికెడు గౌరవం పెట్టనివాళ్ళు పోయాక పిండం పెట్టినట్టుంది.

ప్రభుత్వంవారు కాలాన్ని కూడా లెక్కేశారు. 2019లో దేశమంతా తిరిగి, రోజులో ఎవరు దేనికెంతసేపు వెచ్చిస్తున్నారో అడిగి రాసుకున్నారు. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97 కూడా ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టిన మగవాళ్ళ లెక్క. అలాంటివాళ్ళు నూటికి 26 మందే. మళ్ళీ 2024లో లెక్కేస్తే మనకి 289 నిమిషాలయింది. పది నిమిషాలు తగ్గాయి! ఆ పదీ మగవాళ్ళు నెత్తినేసుకున్నారనుకునేరు. వాళ్ళ లెక్క 88కి దిగింది. వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. ఆ ఐదేళ్ళ మధ్యలోనే హౌస్‌వైఫు పోయి హోమ్‌మేకరు వచ్చింది. పేరు ఎంత పెరిగింది! పని ఎంత పంచుకున్నారు!

ఇక్కడ నాకు తెలుసు, కొందరు ముక్కు మీద వేలేసుకుంటారు. “అయ్యయ్యో, తల్లి ప్రేమకి వెల కడతావా? పిల్లాడికి పెట్టిన గోరుముద్దకి బిల్లు వేస్తావా?” అని. ఈ మాట ఎక్కువగా ఎవరంటారో గమనించారా? ఆ గోరుముద్దలు తిన్నవాళ్ళే. ప్రేమకి వెల కట్టమని నేననలేదు. ప్రేమ వేరు, పని వేరు. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ప్రేమ. వాడి యూనిఫాం ఉతకడం పని. డాక్టరుగారు రోగి మీద ప్రేమతోనే వైద్యం చేస్తారు, ఫీజు పుచ్చుకోరా? పంతులుగారు శిష్యుల మీద వాత్సల్యంతోనే పాఠం చెబుతారు, ఒకటో తారీఖున జీతం వద్దంటారా? ఒక్క ఆడదాని ప్రేమే డబ్బు తగిలితే మైలపడిపోతుందా?

మావారి దగ్గర జీతం పుచ్చుకోవాలనీ నా కోరిక కాదు. ఆయన పర్సులో ఏముందో నాకు తెలుసు. నేనడిగేది అంతకంటే చిన్నది, అంతకంటే పెద్దదీనూ.

‘మేకర్’ అన్నారు గదా. మేకర్ అంటే చేసినవారు. కుండ చేసినవాడికి కుండ మీద హక్కుంటుంది. బట్ట నేసినవాడికి బట్ట మీద హక్కుంటుంది. మరి హోమ్ మేకరుకి ఆ హోము మీద ఏం హక్కుంది? ఇక్కడే ఈ రెండు మాటల అసలు రంగు బయటపడుతుంది. హౌసుకి పత్రాలుంటాయి, పన్ను రసీదులుంటాయి, రిజిస్ట్రారు ఆఫీసు ఉంది. హోముకి రిజిస్ట్రారు ఆఫీసు ఎక్కడుంది? పాతమాటలో ఎంత కాదన్నా హౌస్ అనే నికరమైన ఆస్తి ఉండేది. అది తీసేసుకుని, బదులుగా పట్టుకోవడానికి వీల్లేని వెచ్చదనం ఒకటి చేతిలో పెట్టి “గౌరవం పెంచాం” అంటున్నారు. కోతి తోక పోగొట్టుకుని డోలు తెచ్చుకున్న కథలా లేదూ?

మా ఇంటి సంగతే చెబుతాను. ఈ ఇల్లు కట్టేటప్పుడు డబ్బు చాలక నా నాలుగు పేటల గొలుసు అమ్మాం. మా పుట్టింటివాళ్ళు పెట్టింది. అది పునాదిలో పడింది. గోడలకి నీళ్ళు పట్టింది నేను. మేస్త్రీకి టీలు పంపింది నేను. గృహప్రవేశం నాడు ఆవు తరవాత గడప దాటిందీ, పొయ్యి మీద పాలు పొంగించిందీ నేను. దస్తావేజు మీద పేరు మాత్రం మావారిది. అందులో దురుద్దేశమేమీ లేదు, ఆ రోజుల్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. “నా పేరు మీదుంటే ఒకటీ, నీ పేరు మీదుంటే ఒకటీనా?” అన్నారాయన. నిజమే, ఒకటేనట. ఒకటే అయినప్పుడు ఎప్పుడూ ఆయన పేరే ఎందుకు రాస్తారో మాత్రం అడగలేదు.

మా పనమ్మాయి సొంతింటికి మాత్రం కాగితాల్లో ఆమె పేరే ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇచ్చే ఇళ్ళు ఇంటి ఆడమనిషి పేరు మీదో, ఇద్దరి పేరు మీదో ఉండాలని నియమం పెట్టారు గదా. చదువురాని ఆ పిల్ల ఇంటి యజమానురాలు. డిగ్రీలో హోమ్‌సైన్సు చదివి ఫస్టుక్లాసు తెచ్చుకున్న నేను హోమ్‌మేకర్ని.

ఎవరి పేరయితేనేం అనుకునేవాళ్ళు మా ఎదురింటి పిన్నిగారి కథ వినండి. నలభై ఏళ్ళు ఆ ఇంటిని అద్దంలా ఉంచిన మనిషి. పెరట్లో ఆవిడ పెట్టిన కరివేపచెట్టే వీధి వీధికంతా దిక్కు. బాబాయిగారు వీలునామా రాయకుండా పోయారు. చట్టప్రకారం ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, పిన్నిగారు, మొత్తం నలుగురికి సమానభాగాలు. ఆ రోజుదాకా ఇంటికి మహారాణి, ఆ రోజునుంచి నాలుగింట ఒక వంతు వాటాదారు. పిల్లలు చెడ్డవాళ్ళు కారు. తలో ఊళ్ళో ఉన్నారు, పాత ఇల్లు చూసేవాళ్ళు లేరు, అమ్మేద్దామన్నారు. ఆవిడ సంతకం పెట్టారు. ఆవిడ వాటా డబ్బు పైసాతో సహా బ్యాంకులో వేశారు. ఇప్పుడు నాలుగేసి నెలలు ఒక్కొక్కరి దగ్గర ఉంటున్నారు. మొన్న పెళ్ళిలో కనిపిస్తే “ఎక్కడుంటున్నారు పిన్నిగారూ?” అని అడిగాను. “భాగం వచ్చిందమ్మా, ఇల్లు పోయింది” అన్నారు. ఆవిణ్ణి హోమ్‌మేకర్ అని పిలిస్తే ఆ ఇల్లు తిరిగొస్తుందా?

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. మొగుడు పరదేశంలో సంపాదించి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకుంది. ఆస్తులు కొన్నారు. మొత్తం నాదేనన్నాడాయన. కాదు, ఆమె ఇల్లు చూసుకోబట్టే నువ్వు అక్కడ నిశ్చింతగా సంపాదించగలిగావు, ఆ పని కూడా ఆస్తి కొనడానికి పెట్టిన పెట్టుబడే, ఆమెకి సమానవాటా ఉంది అంది కోర్టు. చూశారా, మేకర్ అన్న మాటకి నిండు అర్థం ఇదీ! ఇది బతికున్న ఇల్లాలి పనికి దక్కిన విలువ. కాని ఇలాంటి హక్కు తీర్పు తీర్పుకీ కోర్టు మెట్లెక్కి దేబిరించాలా? పెళ్ళయ్యాక సంపాదించిన ఇంట్లో ఇద్దరికీ సగం సగం అని చట్టంలో ఒక్క వాక్యం రాస్తే ఎవరి సొమ్మేం పోయింది?

ఐస్‌లాండని ఓ చిన్నదేశం ఉంది. అక్కడి ఆడవాళ్ళు 1975 అక్టోబరు 24న ఒక్కరోజు, నూటికి తొంభైమంది, ఆఫీసు పనీ ఇంటిపనీ రెండూ ఆపేసి వీధిలోకొచ్చారు. మాకు మంచి పేరు పెట్టండి అని వాళ్ళు అడగలేదు. మేం చేసేది పనేనని ఒప్పుకోండి అన్నారు. మగవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసులకెళ్ళారట. మర్నాటికి అందరికీ అర్థమయిపోయింది. నిఘంటువు ఎవరూ మార్చలేదు, మరుసటి ఏడాది చట్టం మార్చారు.

ఇదంతా మా కోడలితో అన్నాను. ఆ పిల్ల వాదించలేదు. కాసేపు ఊరుకుని, “మా ఫ్లాటు ఇద్దరి పేరుమీదా ఉంది అత్తయ్యా” అంది. “ఎందుకుందీ?” అన్నాను. “లోను వాయిదాలో సగం నా జీతంలోంచి పోతుంది గదా” అంది. అని, తనే ఆగిపోయి ఆలోచనలో పడింది. అదే నేను చెప్పేదీనూ. జీతంలోంచి ఇచ్చినామె పేరు ఉంది. జీవితంలోంచి ఇచ్చినామె పేరు లేదు.

ఆ రాత్రి మావారికి భోజనం వడ్డిస్తూ నెమ్మదిగా ఎత్తాను, ఇల్లు ఇద్దరి పేరుమీదా రాయిద్దామని. “ఇప్పుడేం తొందరొచ్చిందోయ్, నేనేమైనా పోతున్నానా?” అన్నారు. “మీరు పోతారని కాదు, నేను బతికున్నానని” అన్నాను. రెండు రోజులు ముభావంగా తిరిగారు. మూడోరోజు పొద్దున్న చొక్కా తొడుక్కుని, ఎక్కడికో చెప్పకుండా వెళ్ళి, మధ్యాహ్నం ఎండలో వచ్చారు. దస్తావేజు లేఖరి దగ్గరికెళ్ళి ఖర్చెంతవుతుందో కనుక్కొచ్చారట. చీటీ తీసి బల్లమీద పెట్టి, “కాఫీ ఇస్తావా?” అన్నారు. గమనించారా? ఏదీ అని కేకెయ్యలేదు, ఇస్తావా అని అడిగారు. మొన్న వచ్చిన కొత్తపేరు కంటే నాకు ఆ ఒక్క దీర్ఘంలో ఎక్కువ గౌరవం కనిపించింది.

ఇంకా రిజిస్ట్రేషను అవలేదు లెండి. చీటీ మాత్రం అందిందంతే. మీరు కూడా ఇవాళ మధ్యాహ్నం పని తెమిలాక బీరువాలో కాగితాలు ఓసారి తీసి, ఎవరి పేరుందో చూసుకోండి. మావారు నా పేరు రాయించినరోజున నేనే బ్యాంకుకెళ్ళి ఆ కుర్రాడిచేత హోమ్‌మేకర్ అని మార్పిస్తాను. అందాకా ఆ గడిలో హౌస్‌వైఫ్ అనే ఉండనివ్వండి. కనీసం అందులో హౌసన్నా ఉంది!